గుమ్మానికి అటూ ఇటూ

సాయమ్మ ముందు గుమ్మంలోంచి రావడం మానేసి అప్పటికి నెల దాటింది. బావి నుంచి నీళ్లు తెచ్చినా, చర్చికి వెళ్లొచ్చినా ఇంటి చుట్టూ తిరిగి, వానలకు బురదైన సందులోంచి వెనక వంటింటి తలుపు తోసుకుని వచ్చేది. అరవై దాటిన మనిషి. ఆ సందులో ఇప్పటికే రెండుసార్లు జారిపడింది.

"ముందట దర్వాజ తెరిచే పెట్టిన గదనే! మళ్ల గా బురదలకెళ్లి వస్తివా?" పొయ్యి ముందు జొన్నరొట్టె కాలుస్తున్న జయశీల కసురుకుంది. సంగారెడ్డిలో బడి గంట కొట్టేలోపు పోతిరెడ్డిపల్లి నుంచి ఆమె నడిచి వెళ్లాలి.

సాయమ్మ బిందె దించి కొంగుతో ముఖం తుడుచుకుంది. "వాళ్లు ఇంక ఆడనే ఉన్నరు బిడ్డా."

"ఎవలే?"

"చెప్పిన గద. ఇద్దరు. దర్వాజకు అటొకడు, ఇటొకడు. ఒంటి మీద అంగీలు లేవు. నెత్తికి, నడుముకు ఆకులు చుట్టుకున్నరు. భుజాల మీద దుడ్డుకర్రలు. లోపటికి రారు, పోరు. నిలబడ్డరంతె."

లోపలి అర్రలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్న సుందర్‌రాజు భార్యకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. అతను రామచంద్రాపురం దగ్గర కొత్తగా పెట్టిన పెద్ద ఫ్యాక్టరీలో నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. ప్రతి వస్తువుకూ కొలత ఉంటుందని నమ్మే మనిషి.

"అత్తమ్మ కండ్లల్ల పొర వచ్చినట్టుంది జయా. వచ్చే నెల దవాఖానకు తీస్కపోదం" అని ఫ్యాక్టరీ బస్సుకు పరుగెత్తాడు.

జయశీల కూడా అలాగే అనుకునేది, పాలు పోసే మల్లమ్మ లేకపోతే. మల్లమ్మ కూడా పదిహేను రోజులుగా పాలు వెనక తలుపు దగ్గరే పోసి పోతోంది. ఎందుకని అడిగితే బుర్ర గోక్కుంది. "ఏమో టీచరమ్మా. మీ దర్వాజ కాడ ఎవలో పెద్దమనుషులు నిలబడ్డట్టు కొడ్తది. వాళ్ల నడుమల నుంచి రాబుద్ధి కాదు."

ఆ శనివారం మధ్యాహ్నం పాస్టరు దేవదానం అయ్యగారు సైకిల్ మీద వచ్చారు. చేతిలో బరువైన తెల్ల కవరు. చెక్క కుర్చీలో కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగి, సాయమ్మ కోసం వెతికారు. ఆమె వంటింటి గుమ్మంలో నేల మీద కూర్చుని ఉంది.

"సాయమ్మా, ఇది స్కాట్లండు నుంచి వచ్చింది. ఎడింబరో అనే పట్నంల వకీళ్లు రాసిండ్రు. కెన్నెత్ దొర నీ పెనిమిటన్నది నిజమేనా?"

సాయమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. జయశీల చేతిలోని గ్లాసు నేల మీద పెట్టేసింది. తండ్రి గురించి ఆమెకు తెలిసింది ఒకే ఒక్క మాట, "కాలువ పనిల జ్వరమొచ్చి పోయిండు" అని. మట్టి మోసిన కూలీ అనుకుంది. ఆయన ముఖం ఎలా ఉండేదో తెలియక, చిన్నప్పుడు దారిన పోయే కూలీలందరి ముఖాలూ పరీక్షగా చూసేది.

అయ్యగారు ఉత్తరం చదివి తెలుగులో చెప్పారు. స్కాట్లండులో గ్లెన్‌కారిక్ అనే పాత జమీందారీ వంశం. ఆ ఇంటి పెద్దను లార్డ్ గ్లెన్‌కారిక్ అంటారు. ఆఖరి లార్డ్‌కు పిల్లలు లేరు. తమ్ముడు కెన్నెత్ నిజాం రాజ్యంలో కాలువలు తవ్వించడానికి వచ్చి, 1932లో సాయమ్మ అనే క్రైస్తవురాలిని చర్చిలో పెళ్లాడాడు. మరుసటేడు పుట్టిన ఆడపిల్లకు జయశీల అని బాప్తీస్మం ఇచ్చినట్టు రిజిస్టరులో ఉంది. లార్డ్ ఏడాదిగా మంచాన ఉన్నప్పుడే వకీళ్లు వారసుల కోసం వెతుకుతూ చర్చి పెద్దలకు రాశారు.

"ఇంగ్లండు సంగతి వేరట. స్కాట్లండుల పాత బిరుదులు కొన్ని, కొడుకులు లేకుంటే పెద్ద బిడ్డకు పోతయట. వీళ్లది గసొంటిదే." అయ్యగారు కళ్లద్దాలు తీసి జయశీలను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "అంటే బిరుదు నీకే వస్తదమ్మా."

"లార్డ్ ఎప్పుడు పోయిండు అయ్యగారూ?" అంది జయశీల.

"ఆగస్టు మూడు. గురువారం."

ఆ రోజు జయశీలకు గుర్తుంది, బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి తల్లి వాకిట్లో ఎండలో నిలబడి ఉంది. "లోపటికెట్ల పోవాలె బిడ్డా, ఇద్దరు అడ్డం నిలబడ్డరు" అంది. మొదటిసారి ఆ మాట అన్నది ఆ రోజే.

కవరులోంచి అయ్యగారు ఒక గట్టి అట్ట తీసి చూపించారు. రంగుల్లో వేసిన బొమ్మ. నడుమ ఒక డాలు, దాని మీద ఎర్రటి జింక. డాలుకు రెండు పక్కలా, దాన్ని చేతుల్తో పట్టుకుని, ఇద్దరు మనుషులు. ఒంటి మీద బట్టల్లేవు. నెత్తికీ నడుముకూ ఆకుల దండలు. భుజాల మీద దుడ్డుకర్రలు.

జయశీల అట్ట అందుకుంది. తల్లికేసి అట్ట తిప్పబోయింది. సాయమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"నాకు సూపెట్టకు. రోజూ సూస్తనే ఉన్న."

సుందర్‌రాజుకు మాత్రం భయం వేయలేదు. తను చదువుకునే రోజుల్లో కోటలాంటి ఊరి దొరవారి గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన తండ్రి కొడుకు అతను. తన ఇంట్లో, తన భార్యకు, ఎక్కడో ఒక కోట తాలూకు పేరు నడిచి వచ్చిందంటే అతని ఛాతీ ఉప్పొంగింది. ఆ వారమంతా ఉత్తరం వెంట వచ్చిన కాగితాలు నిఘంటువు ముందేసుకుని చదివాడు. ఫ్యాక్టరీలో వాడే పల్చటి ట్రేసింగు కాగితం మీద ఆ బొమ్మను గీతగీతా ఎక్కించి, ముందు గదిలో గోడకు అంటించాడు.

"సూడు జయా, దీంట్ల మస్తు లెక్కున్నది. ఎవలు పడితే వాళ్లు డాలు పెట్టుకోవద్దు. దానికో పెద్ద అధికారి ఉన్నడు, ఆయన హోదా పేరే లార్డ్ లయన్. ఆయన ఒప్పుకోవాలె. ఇంటి పెద్దది ఉత్త డాలు. తమ్ముడిదైతే దాని చుట్టూ అంచు గీయాలె, సూడంగనే తమ్ముడని తెల్వాలె గద. మీ నాయిన డాలుకు అంచున్నది. ఈ ఇద్దరు మనుషులు లేరు."

"ఎందుకు లేరు?"

"వాళ్లు ఇంటి పెద్దకే. పెద్ద పోతే, మళ్ల ఎవలు పెద్దయితే వాళ్ల తానికి పోతరు. ఇప్పుడు నీదాంట్ల అంచు తీసేస్తరు. మనుషులు వస్తరు."

అతను మామూలుగానే అన్నాడు. జయశీల గోడమీంచి చూపు తిప్పి తెరిచి ఉన్న తలుపుకేసి చూసింది. బయట మిట్ట మధ్యాహ్నం. వాకిట్లో ఎండ పరుచుకుని ఉంది, గుమ్మానికి అటూ ఇటూ రెండు మూరల చోట్లో తప్ప. అక్కడ నీడ పడడానికి చెట్టు లేదు, చూరు లేదు. ఆమె గుమ్మం దాటబోతే నలిగిన పచ్చి ఆకు వాసన ముక్కుకు తగిలింది. ఏ ఆకో ఆమెకు తెలియదు. ఈ నేల మీద పెరిగేది కాదు.

భయం ఉన్నా, ఇంకేదో కూడా ఉంది. బడి నుంచి రాగానే ఆమె అద్దం ముందు నిలబడేది. తన నల్లటి ముఖంలో, చిన్న గడ్డంలో, ఆ దొర పోలిక ఎక్కడైనా ఉందా అని వెతికేది. చెవులేమో అనుకునేది. చెవులు ఆయనవే అయి ఉంటాయి. ముప్పై నాలుగేళ్లకు ఆమెకు ఒక తండ్రి దొరికాడు.

వకీళ్లు అడిగింది ఒక్కటే కాగితం. "1933లో నాకూ కెన్నెత్‌కూ పుట్టిన జయశీల ఈమెయే" అని సాయమ్మ వేలిముద్ర వేసి, పాస్టరు సాక్షి సంతకం పెట్టాలి. ఆదివారం ఆరాధన అయ్యాక సుందర్‌రాజు ఆ కాగితమూ, సిరా డబ్బా తెచ్చి వంటింట్లో అత్తగారి ముందు పెట్టాడు.

"వెయ్య" అంది సాయమ్మ.

"ఎందుకు అత్తమ్మా? మీరు దొంగతనం జేసిండ్రా? చర్చిల పెండ్లి చేసుకున్నరు. దాంట్ల సిగ్గేంది?"

"సిగ్గు గాదు నాయినా."

"మరేంది? జయ తర్వాత ఈ బిరుదు మన సుకుమారికి వస్తది. మీ మనుమరాలికే. రేపు లార్డ్ లయన్ పుస్తకంల సుకుమారి పేరు ఎక్కుతది!"

ఆ పేరు వినగానే సాయమ్మ ఉలిక్కిపడింది. "పిల్ల పేరు వాళ్లకు ఇనబడేటట్టు అనకు!" అని అరిచింది. సుందర్‌రాజు తెల్లబోయాడు. ఆమె అల్లుడి మీద గొంతెత్తడం అదే మొదలు.

జయశీలకు ఇక ఆగలేదు. "అమ్మా, నువ్వు నాకు నాయిన లేకుంట జేసినవు. పేరు గూడ చెప్పలే. బడిల అందరు మీ నాయిన పేరేంది అంటే నేను నేల సూసుకుంట నిలబడేదాన్ని. ఇప్పుడు ఆయన దొరికిండు. ఒక్క వేలు పెట్టమంటె పెట్టవు. నేను ఆయన బిడ్డనని చెప్పనీకి నీకేం కష్టమే? నా మీద నీకు గంత పగ దేనికి?"

సాయమ్మ సిరా డబ్బా మూత బిగించి పక్కకు నెట్టింది. అంతలో ముందు గదిలోంచి సుకుమారి గొంతు వినిపించింది. తొమ్మిదేళ్ల పిల్ల. ఎవరితోనో మాట్లాడుతోంది.

"నా పేరు సుకుమారి. అమ్మ పేరా? జయశీల."

ముగ్గురూ ముందు గదిలోకి వచ్చి ఆగిపోయారు.

పిల్ల గడప మీద నిలబడి ఉంది, వీళ్లవైపు వీపు పెట్టి. రెండు చేతులూ భుజాలకన్నా పైకి ఎత్తి ఉన్నాయి, చెరో పక్క ఒక పొడవాటి మనిషి వేళ్లు పట్టుకున్నట్టు. చేతులు గాల్లో వేలాడడం లేదు. బరువు ఆనించి ఉన్నాయి. కుడి మడమ నేలకు ఆనడం లేదు.

"సుకుమారీ!" అన్నాడు సుందర్‌రాజు. ఏ కొలతకూ అందని వణుకు అతని గొంతులో.

పిల్ల వెనక్కి చూసి నవ్వింది. "నాయినా, వీళ్లు నన్ను తోల్కపోతమంటున్నరు. ఆడ పెద్ద ఇల్లున్నదట."

సాయమ్మ ఎలా కదిలిందో ఎవరికీ కనబడలేదు. నెలన్నరగా ఆ గుమ్మం దరిదాపులకు పోని మనిషి వెళ్లి మనవరాలి నడుము చుట్టూ చేయి వేసి వెనక్కి లాక్కుంది. తను గడప మీద నిలబడింది. కుడివైపు తల ఎత్తి చూసింది, తర్వాత ఎడమవైపు.

"ఇనుండ్రి. దొర చెప్పిండు నాకు, మీరు వస్తరని. వాళ్ల నాయిన పోయిన్నాడు మీరు వాళ్లన్న అర్ర ముందట నిలబడ్డరట. దొర అప్పుడు పసోడు, సూసిండు. గా జడుపుకే గీ దేశం పట్టుకొని వచ్చిండు. ఆయిన బిడ్డకోసం వచ్చిండ్రు గదా? మీరు అడిగే పిల్ల ఈడ లేదు."

జయశీల ఒక అడుగు ముందుకు వేసింది. "అమ్మా?"

సాయమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే చెప్పలేనని ఆమెకు తెలుసు.

"నా బిడ్డ మూడేండ్లకు పోయింది. దొర పోయిన ఏడాదికి, కలరాల. తెల్లారేసరికి పానం పోయింది. దొర సమాధి పక్కకే పెట్టి వస్తున్న. క్యాంపుల ఒక బండి కింద ఇంకో పిల్ల కూసున్నది. అంతే ఈడు. పాలమూరు నుంచి మట్టి పనికి వచ్చినోళ్ల పిల్ల. అమ్మ నాయిన ఇద్దరు రాత్రికి రాత్రే పోయిండ్రు. ఏం పేరు బిడ్డా అంటె మాట్లాడలే. ఏడ్వలే. నా నోట్ల ఒక్కటే పేరున్నది. జయశీలా అని పిలిచిన. తిరిగి సూసింది." సాయమ్మ ద్వారబంధం పట్టుకుంది. "గట్లనే సంకనేసుకొని వచ్చిన. ఇది ఆ నెత్తురు గాదు. నా నెత్తురు గూడ గాదు. కాని నా బిడ్డ. దీన్ని, దీని పిల్లను మీరు ముట్టొద్దు. రాండ్రి, మీ పిల్లను సూపెడ్త."

అని చెప్పుల్లేకుండానే వాకిట్లోకి దిగింది. దారి నడిమధ్యన నడిచింది, చెరో పక్క ఒకరికి చోటు వదిలినట్టు. ఎదురొచ్చిన మేకలు రెండుగా చీలి, ఆమెకు చాలా ఎడంగా పోయాయి.

సుందర్‌రాజు పిల్లను ఎత్తుకుని భార్యను చూశాడు. "పో. తోడు పో" అన్నాడు మెల్లగా.

మంజీర ఒడ్డుకు పోయే బస్సులో జనం కిక్కిరిసి ఉన్నా, సాయమ్మ కూర్చున్న బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. ఎందుకో వాళ్లకే తెలియనట్టు నిలబడి ప్రయాణం చేశారు. జయశీల కూడా నిలబడే ఉంది. కిటికీలోంచి జొన్న చేలు కదిలిపోతున్నాయి. ఆమెకు ఏమీ కనబడడం లేదు. అద్దం ముందు తను వెతుక్కున్న చెవులు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. తండ్రి పోయాడు. తల్లీ పోయింది. పేరు కూడా చచ్చిపోయిన పిల్లదట.

పాత కాలువ క్యాంపు దగ్గర ఇప్పుడు తుమ్మ పొదలు తప్ప ఏమీ లేవు. సాయమ్మ తడుముకోకుండా నడిచింది. సిమెంటు సిలువ ఉన్న ఒక పెద్ద సమాధి. దాని పక్కన, మూడు మూరలు కూడా లేని మట్టి దిబ్బ. చుట్టూ వరుసగా పేర్చిన నదిరాళ్లు. గడ్డి పీకి శుభ్రంగా ఉంది. ఏడాదికోసారి చుట్టాలింటికి అని చెప్పి తల్లి ఎక్కడికి పోయేదో జయశీలకు అప్పుడు అర్థమైంది.

సాయమ్మ దిబ్బ ముందు ఆగి ఇద్దరికి దారి ఇచ్చినట్టు పక్కకు జరిగింది. నదివైపు నుంచి వస్తున్న గాలి నిలిచిపోయింది. దిబ్బ తలాపున గడ్డి ఎడమపక్క ఒక చోట, కుడిపక్క ఒక చోట, పాదమంత మేర నేలకు అణిగిపోవడం జయశీల తన కళ్లతో చూసింది. అణిగిన గడ్డి మళ్లీ లేవలేదు.

"నిలబడ్డరు" అంది సాయమ్మ. "ఇగ కదలరు. దీనికి ముప్పై ఏండ్ల నుంచి ఎవలు తోడు లేకుండె."

అప్పుడు కూలబడి ఏడ్చింది. జయశీల దూరంగానే నిలబడింది. చాలాసేపటికి అడిగింది. "మా అమ్మ పేరేంది?"

"తెల్వది బిడ్డా. కూలీల పేర్లు రాసే మస్టరు పుస్తకంల ఉండెనేమో. అప్పుడు అడిగే తెలివి లేకపాయె. ఎర్రచీర ఉండె. పోయేముందు తన పాత చీర నీకు చుట్టి బండి కింద కూసోబెట్టిందట, చలి పెట్టద్దని. గంతే తెలుసు."

"నాకు ముందే చెప్పద్దా?"

"చెప్పాలనే అనుకుంటి. నీ పెండ్లికి అనుకుంటి. సుకుమారి పుట్టినంక అనుకుంటి. చెప్తే నువ్వు నన్ను అమ్మా అని పిలుస్తవో లేదో అని జడిసిన."

"నా పేరు గూడ నాది కాదాయె."

సాయమ్మ కన్నీళ్లతో తల ఎత్తింది. "పేరు దానిదే బిడ్డా. అబద్ధమాడ. గా పేరు పెట్టి దాన్ని మూడేండ్లు పిలిచిన. నిన్ను ముప్పై ఒక్కేండ్లు పిలిచిన. ఎవలిదో నువ్వే చెప్పు."

జయశీల నదిరాళ్ల వరుసను చూసింది. మూడేళ్ల పిల్లను పోగొట్టుకున్న రోజునే ఇంకొకరి పిల్లను సంకనెత్తుకున్న ఆ ఇరవై తొమ్మిదేళ్ల మనిషిని తలుచుకుంది. ఆ రోజు ఈమె ఆ బండి పక్కనుంచి చూడనట్టు నడిచిపోయి ఉంటే? ఇవాళ ఒక్క వేలిముద్ర వేసి ఉంటే, బిడ్డనూ నిలుపుకునేది, గౌరవమూ పొందేది. వేయలేదు. తనను కాపాడడానికి తననే పోగొట్టుకోవడానికి సిద్ధపడింది. బురదలో జారిపడి చీరుకుపోయిన తల్లి మోచేయి ఇంకా మానలేదు. జయశీల కూర్చుని ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

"అమ్మా" అంది. ఇద్దరూ చీకటి పడేముందు ఆఖరి బస్సు దాకా అలాగే కూర్చున్నారు.

మర్నాడు సుందర్‌రాజు ఎవరూ చెప్పకుండానే గోడ మీది కాగితం తీసేశాడు. అయ్యగారితో కలిసి ఎడింబరోకు జవాబు రాశాడు: కెన్నెత్ గారి ఏకైక కుమార్తె 1936లో మూడేళ్ల వయసులో మరణించింది, తండ్రి పక్కన నిద్రిస్తోంది. పెంచుకున్న బిడ్డకు ఆ బిరుదు చెందదని వకీళ్ల కాగితాల్లోనే ఉంది. అది కూడా దాచకుండా రాశాడు. రెండు నెలలకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఇంకో శాఖలో వారసుడెవరైనా దొరికేదాకా ఆ బిరుదు నిద్రావస్థలో ఉంటుందట.

"నిద్రపోనీ" అంది సాయమ్మ.

మల్లమ్మ ముందు గుమ్మంలోంచే పాలు తెచ్చి పోస్తోంది.

క్రిస్మసుకు ముందు జయశీల పటాన్‌చెరులో రాళ్లు చెక్కే సంగప్ప దగ్గరికి వెళ్లింది. చిన్న నల్లరాయి ఎంచుకుని, కాగితం మీద రాసిన పేరు ఇచ్చింది. సంగప్ప కూడబలుక్కుని చదివాడు. బడిలో తన కొడుక్కు చదువు చెప్పిన టీచరమ్మను ఎరిగినవాడే. కాగితాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"జయశీల అంటె నువ్వే గదమ్మా? బతికున్న మనిషి పేరు సమాధి రాయి మీద చెక్కుమంటవేంది?"

"నాది గాదు" అంది జయశీల. "మా అక్కది."

ఆ మాట అనడం ఆమెకు అదే మొదటిసారి. కళ్లు నిండాయి. సంగప్ప ఇంకేమీ అడగకుండా సుత్తె తీసుకున్నాడు.